కూత ఆగిన బండి

పులివెందులలో మెకానిక్ షెడ్డు తెరవగానే గొర్రెల కాపరి నవ్వుకుంటూ వచ్చాడు. తన మినీ లారీకి ఇక రిపేరు అక్కర్లేదని చెప్పిపోదామని అతని ఆలోచన.

“బ్రేకు కూత నిలిచిపాయ భాయ్. ఇంగ నీకు పని ల్యా.”

“అదెట్ల మామా? డిస్కులు అద్దం మాదిరి నున్నగైనాయి, పైపొర గీకిచ్చి కొత్త ప్యాడ్లు ఏయాలని మొన్ననే చెప్తి గదా!”

“ఆ కూతకు గొర్రెలు బెదిరి ఒగదాని మీదొగటి పడతాండాయి. మొన్న సూడి గొర్రె కాళ్ల కింద నలిగిపాయ. మనసొప్పక పొద్దున్నే డిస్కులకు ఆముదం పోసినా. ఇప్పుడు పిల్లి నడిచినట్టు పోతాంది.”

మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు.

“బ్రేకుకు ఆముదమా!”

“తలుపు కిర్రుమంటే పొయ్యమా ఏంది?”

“తలుపు కదలాల మామా, బ్రేకు పట్టుకోవాల. బండి యాడుంది?”

కాపరి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“తమ్ముడు ఓబులేసు గొర్రెలేసుకోని పోయినాడు. బ్రేకు జారినట్టుందనె. కొత్తలో అట్లే ఉంటాదిలే, పోరా అంటి. ఈపాటికి గండి కొండదారి దిగుడు కాడుంటాడు.”

“ఫోన్ చెయ్యి. చిన్న గేరులో పెట్టి నిదానంగా పక్కన ఆపుకోమను.”

కాపరి తమ్ముడి నంబరు నొక్కాడు. ఫోన్ మోగుతూనే ఉంది.

“మళ్లీ చెయ్యి మామా, ఎత్తుతాడులే.”

“ఎత్తడు భాయ్. బండి తోల్తా ఫోన్ ఎత్తనని గండి ఆంజనేయసామి మీద వాని చేత ఒట్టేయించింది నేనే.”