షావుకారు చీర కట్టుకుని స్కాలర్‌షిప్పుకి

ఏంటే సుధా, బీరువాలో బట్టలన్నీ తెచ్చి మంచమ్మీద పోశావు? స్కాలర్‌షిప్పు వాళ్ళు ఫోన్లోనే చూసి మాట్లాడతారా? మాట్లాడనీ, దానికింత హైరానా ఎందుకు. ఆ నీలంది వేసుకో. ఆ, అదే. కాసేపు ఇట్లా కూర్చో. నేను పదో తరగతి ప్యాసైనప్పుడు నన్నూ పిలిచార్లే ఇంటర్వ్యూకి, తెనాల్లో సత్రానికి. అప్పుడు మా అమ్మ చేసిన పని వింటే నవ్వుతావు. మా అమ్మంటే నాగరత్నం, మీ అమ్మకి అమ్మమ్మ. నువ్వు పుట్టకముందే పోయిందిలే. నీకు ఆ గడ్డం ఆవిడదే, మొండితనం కూడా.

ఈపురుపాలెంలో మాది ఒకటే మగ్గం. నాన్న పోయాక అమ్మే మగ్గం గుంటలో కూర్చుని నేసేది. పట్టూ జరీ ప్రకాశరావు గారని షావుకారు ఇచ్చేవాడు. నేసిన చీర ఆయనకి, కూలి మనకి. నేసేవాళ్ళం మనమేగా, ఒక్కసారి భుజాన వేసుకు చూద్దామంటే కుదరదు. పక్కింటి సుందరమ్మ ఓసారి కూతురి పేరంటానికి షావుకారు చీర కట్టించిందని తెలిసి ఇంక ఆవిడకి ఒక్క పోగు ఇస్తే ఒట్టు. పాపం, ఆ మగ్గం మీద బట్టలారేసుకునేవాళ్ళు చివరికి. అదీ మా భయం. ఇటు చూస్తే ఆ స్కాలర్‌షిప్పు వస్తేనే నాకు కాలేజీ, రాకపోతే నేనూ గుంటలోకి దిగడమే. నాకేమో ఉన్నవి రెండు ఓణీలు, రెండూ కుట్లు పడ్డవి. "ఆ చిరుగులతో పెద్దమనుషుల ముందుకెళ్తే అడుక్కోవడానికొచ్చారనుకుంటారే, మనం వెళ్ళేది చదువు కోసం" అని, అప్పుడే మగ్గం మీంచి కోసిన వంగపండు రంగు పట్టుచీర నాకు చుట్టబెట్టింది. అమ్మా వద్దే అంటే వింటేగా. "ఒక్క పూట. మడత నలక్కుండా తెచ్చి పెట్టేద్దాం" అంది. అందుకని చీరాల్లో రైలెక్కింది మొదలు నన్ను కూర్చోనివ్వలా. బాపట్లలో బోలెడు మంది దిగారు, సీట్లన్నీ ఖాళీ. అయినా సరే, తెనాలి దాకా నిలబెట్టే తీసుకెళ్ళింది, దేవుడి ఊరేగింపు లాగా.

తీరా సత్రంలో అడుగు పెడితే ఏముంది, కమిటీ వాళ్ళ మధ్యలో మా షావుకారు. ఆయనా అందులో ఉన్నాడని మాకేం తెలుసు. ఆయన చూపు నా మొహమ్మీద లేదు, అంచు మీదే ఉంది. ఆయన ఇచ్చిన జరీ ఆయనకి తెలీదూ? ఈలోపు రేపల్లె వైపు పెద్ద రైతట, ఆయనే ప్రెసిడెంటు, నా మార్కులు చూసి భేష్ అన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, పట్టుచీరలు కట్టే ఇంటి పిల్లకి మేం ఫీజు కట్టాలా? లేనివాళ్ళు బయట కూర్చున్నారు" అని కాయితాలు పక్కన పెట్టేశాడు. అయిపోయిందనుకున్నా. నిజం చెప్తే మగ్గం పోతుంది, చెప్పకపోతే చదువు పోతుంది. మా అమ్మ రవ్వంత కూడా ఆలోచించలేదే. చేతులు కట్టుకుని, "చీర మాది కాదండి. ఆ అయ్యగారిదండి. నేను నేశాను, ఆయనకి చెప్పకుండా మా పిల్లకి కట్టాను. దీని ఓణీ చిరిగిందండి" అంది. నేనైతే ఏడ్చేశాను.

ప్రకాశరావు గారు గొంతు సవరించుకుని, "చెప్పకుండా ఏంటి నాగరత్నం, నేనే కట్టి తీసుకురమ్మంటినిగా. మా నేత ఎట్లా ఉంటుందో వీళ్ళు కూడా చూస్తారని" అన్నాడు. ఎంత గంభీరంగా అన్నాడంటే, నేనే నమ్మాను కాసేపు. ప్రెసిడెంటు గారు నవ్వేసి సంతకం పెట్టాడు. ఆ మాట ఈరోజుకీ తల్చుకుంటా, ఆయన చల్లగా ఉండాలి ఎక్కడున్నా. అయితే ఏంటంటే, వ్యాపారస్తుడు వ్యాపారస్తుడే. బయటికొచ్చాక, "కట్టిన చీర నేనెవరికి అమ్మను? కూలిలో పట్టుకుంటా" అన్నాడు. ఆహా, పట్టుకున్నాడు కూడా, ఏడాది పైగా. మా అమ్మకి కోపం వస్తే ఒట్టు. "పట్టుకోనీలే, చీర మనదైపోయింది" అని ఒకటే సంబరం.

బాపట్లలో నన్ను కాలేజీలో చేర్చే రోజు ఆ చీర తనే కట్టింది. పుట్టి బుద్ధెరిగిందగ్గర్నుంచీ పట్టు నేసిన మనిషికి పట్టుచీర కట్టుకోవడం రాలేదే సుధా. కుచ్చిళ్ళు జారిపోతుంటే నేనే కింద కూర్చుని సర్దాను. బస్సులో ఒకావిడ, "ఎవరి పెళ్ళికండీ?" అని అడిగింది. "పెళ్ళి కాదండి, మా అమ్మాయిని కాలేజీలో చేర్చడానికండి" అంది. ఇంక ఆ తర్వాత అడగనివాళ్ళకి కూడా చెప్పింది, బాపట్ల వచ్చేదాకా.