ముల్లక్క రాసిన జాబ్ కార్డు

1991 జూన్ 17, సోమవారం ఉదయం, మన సర్వీస్ వర్క్‌షాపు విడిభాగాల కౌంటరులో గుమాస్తాగా చేరేనాటికి ఆవిడ వయసు ఇరవై నాలుగేళ్లు. ఏ బోల్టు ఏ అరలో ఉందో, ఏ బెల్టు ఏ కొక్కేనికి వేలాడుతోందో వారం తిరక్కుండా కంఠతా పట్టిన ఆ గుమాస్తాయే ఈ నెలాఖరున మన ఎలక్ట్రికల్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. మొదటి రోజు ఆవిడను చూసినవాళ్లెవరూ ఇది ఊహించి ఉండరు. ఆవిడ మాత్రం ఊహించే ఉంటారని మా గట్టి నమ్మకం.

ఎందుకంటే, మార్చేసిన పాత భాగాలను ఆవిడ ఊరికే పారేయనిచ్చేవారు కారు. భోజన విరామంలో వాటిని విప్పి, లోపలేముందో చూసి, మళ్లీ బిగించేవారు. సాయంకాల తరగతులకు వెళ్లి డిప్లొమా సంపాదించారు. 1999లో ఆరు నెలల పరీక్షా కాలం మీద ఎలక్ట్రికల్ విభాగంలో అడుగుపెట్టారు. అంతవరకు ఆ షెడ్డులో మహిళలు పనిచేసిన దాఖలా లేదు. తక్కినవారంతా అంకెలు చూపే కొత్త మీటర్లు పట్టుకుంటే, ఆవిడ స్టోరు మూలన పడి ఉన్న ముల్లు మీటరును దులిపి తెచ్చుకున్నారు. "అంకె ఆలోచించుకుని చెప్తుంది, ముల్లు ఉలిక్కిపడి చెప్పేస్తుంది" అనేవారు. మీటరు వల్ల కొంత, మాటలోని పదును వల్ల కొంత, 'ముల్లక్క' అన్న పేరు స్థిరపడింది. దాన్ని ఆవిడ బిరుదుగానే స్వీకరించారు.

ఐదో నెలలో, ఇంటింటికీ వెళ్లి బాలింతలను చూసే ఒక నర్సమ్మగారి కారు వచ్చింది. ఆగినచోటి నుంచి కదలబోతే తడబడేది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోయేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో ఇంజిన్ కంప్యూటర్‌కు తెలియజేసే థ్రాటిల్ సెన్సార్ మీదికి అనుమానం పోయింది. పరీక్షలో ముల్లు ఒకసారి ఉలిక్కిపడటంతో, సెన్సార్ పోయిందని తేల్చి ముల్లక్క కొత్తది బిగించారు. నాలుగో రోజున కారు తిరిగొచ్చింది.

ఫోర్‌మన్ గారు మంచి మనిషే. "చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. పైవాళ్లు అప్పుడే అడుగుతున్నారు. ఈ బండి ఇంకోసారి గేటు దాటి లోపలికొచ్చిందంటే నిన్ను మళ్లీ కౌంటరుకి పంపక తప్పదు" అన్నారు.

"పంపితే పంపండి సార్. ముందు బండి సంగతి తేల్చనివ్వండి."

ముల్లక్క ఈసారి బానెట్ ఎత్తకుండా నర్సమ్మగారి పక్కన కూర్చున్నారు. "సరిగ్గా ఎప్పుడు మొరాయిస్తోందమ్మా?"

"సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు. వెనకనుంచి అందరూ హారన్లు మోగిస్తుంటే నాకే నొప్పులొస్తున్నంత పనవుతోంది తల్లీ."

ఆ మాటే దారి చూపింది. బండి కదిలేటప్పుడు ఇంజిన్ కాస్త ఊగుతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఊగదు. సెన్సార్‌కు మూడు వైర్లు. ఒకటి ఐదు వోల్టులు తెస్తుంది, ఒకటి కంప్యూటర్‌కు కబురు మోస్తుంది, మూడోది ఎర్త్. ఇంజిన్ నడపకుండా తాళం మాత్రం తిప్పి, ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు పెట్టారు. ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా కూర్చుంది. రెండు చేతులతో ఇంజిన్‌ను ఊపారు. ముల్లు ఎగిరిపడింది. వైరును ఇంజిన్‌కు పట్టి ఉంచే క్లిప్పు కింద పైతొడుగు చీల్చి చూస్తే లోపలి రాగి పోగుల్లో రెండే మిగిలాయి.

అంటే పాత సెన్సార్ కూడా మంచిదే. ఆ సంగతి అప్పటికి ఆవిడ ఒక్కరికే తెలుసు. వైరు మార్చి, కారును పదిసార్లు ఆపి కదిలించి చూసుకున్నాక, జాబ్ కార్డులో ఇలా రాశారు: 'ఎర్త్ వైరు లోపల తెగింది. సెన్సార్‌లో దోషం లేదు. మొదటిసారి వైరు పరీక్షించకుండా సెన్సార్ మార్చాను. తప్పు నాది.'

ఫోర్‌మన్ గారు చదివి గొంతు తగ్గించారు. "ఇది పైకెళ్తే నీ పని ఇక్కడితో సరి. చింపేసి, వైరు తెగిందని మాత్రం రాయమ్మా."

"చింపితే నా సీటు నిలబడుతుంది సార్. రేపు ఇలాంటి బండి వస్తే ఇంకొకరు కూడా సెన్సారే మారుస్తారు."

ఆయన కార్డు తీసుకుని మేనేజరు గదికి వెళ్లారు. ముల్లక్క పనిముట్లన్నీ పెట్టెలో సర్దేసుకున్నారు. అరగంటకు ఆయన తిరిగొచ్చారు. "పెట్టె తెరువమ్మా. ఆ కార్డు నకళ్లు తీసి అందరి బల్లల మీదా పెట్టమన్నారు."

వైర్లు పరీక్షించకుండా భాగం మార్చరాదన్న మన వర్క్‌షాపు నియమం ఆ కార్డుతోనే మొదలైంది. 2008లో విభాగాధిపతి అయ్యాక ఆవిడ నేర్పిన నలభై మందిలో, చేసిన పొరపాటును దాచుకోవలసిన అగత్యం ఎవరికీ కలగలేదు. మనకు ఇంతకు మించిన గర్వకారణం ఏముంటుంది?

ఆవిడ భర్తగారు ప్రూఫ్‌రీడర్. పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటినా, సాయంత్రం గేటు దగ్గర ఆయన స్కూటర్ చప్పుడు వినబడగానే ముల్లక్క జుట్టు సర్దుకోవడం మేమంతా చూశాం, చూసి మురిసిపోయాం. కొత్తగా పెళ్లయినవాళ్లం మరీనూ. ఇంట్లో తప్పెవరిదో ఎలా తేలుస్తారని అడిగితే ఆయన, "తను మీటరు తీసేలోపే నేను ఒప్పేసుకుంటా" అన్నారు.

ఒకప్పుడు పంపేస్తారేమోనని బెంగపడిన షెడ్డులోంచి, పంపడానికి ఎవరికీ మనసొప్పని మనిషిగా ఆవిడ సెలవు తీసుకుంటున్నారు. ఎనిమిదింటికల్లా సంతకం పెట్టనక్కరలేని ఉదయాలు, తొందరలేని భోజనాలు, నొప్పెరగని మోకాళ్లు, చెదరని చూపు ఆవిడ సొంతం కావాలనీ, ఆ దంపతులు నిండు నూరేళ్లూ ఒకరి చప్పుడుకు ఒకరు ఇలాగే తల తిప్పి చూసుకోవాలనీ మనసారా కోరుకుంటున్నాం.