పెద్ద మంట మీద

ఆదివారం సాయంత్రం, ఇరుకు వంటగది. స్కూలు బస్సు డ్రైవరు బల్ల ముందు నిలబడి బీఫ్ కోస్తున్నాడు. అతని భార్య పొయ్యి దగ్గరుంది. సెలవు అయిపోయింది, పొద్దున్నే అతను మళ్ళీ బస్సెక్కాలి.

"ఇంకొంచెం సన్నగా కొయ్యండి."

"ఎవరికి చెప్తున్నావు? బీఫ్ ఎలా కొయ్యాలో నాకు చెప్తున్నావా?"

"చెప్పట్లేదు. అంటున్నాను."

"అననూ వద్దు. కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక, పోగులకి అడ్డంగా కొయ్యాలని నీకు నేర్పిందెవరు? నేను! పెళ్ళయిన కొత్తలో నువ్వు నిలువుగా కోసి వండితే చెప్పు తోలు నమిలినట్టు నమిలాను. నోరెత్తానా?"

"ఎత్తారు. ఇప్పటికీ ఎత్తుతూనే ఉన్నారు. ముందు కత్తి చూసుకోండి, వేళ్ళు తెగుతాయి."

"నా వేళ్ళ సంగతి నాకు తెలుసు. ఆ ఫ్యానెందుకు అప్పుడే వేశావు? ఇంకా పొయ్యే వెలిగించలేదు. చెవుల్లో ఒకటే హోరు."

"వెలిగిస్తాంగా. పొగొస్తుంది."

"పొగకి ఇంత ముందుచూపు! రేపు నేను డ్యూటీ ఎక్కుతానంటే మాత్రం అంత తొందరేంటంటావు."

"అంటాను. బాత్రూంలో పడి, మూడు వారాలు సెలవు పెట్టిన మనిషి ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా బస్సెక్కుతానంటే, అంటాను."

"కళ్ళు తిరిగాయి. అంతే. మనిషన్నాక ఓసారి కళ్ళు తిరగవా? మళ్ళీ మొదలెట్టకు. ఆదివారం పూట బీఫ్ నన్నే చెయ్యమన్నావు, చేస్తున్నాను. పది నిమిషాల వంట. దీనికి కూడా నీ సణుగుడు కావాలా? సోయా సాస్ ఇలా ఇవ్వు. మిరియాల పొడి, మొక్కజొన్న పిండి."

"ఇదిగోండి."

"ఒక్క చెంచా పిండి. ఎక్కువ వేస్తే జిగురు. కాస్త నూనె. చేత్తో ఇలా పట్టించి వదిలేస్తే ముక్క మెత్తగా ఉంటుంది. చూడు, నేర్చుకో."

"చూస్తున్నాను."

"కేరట్ కొయ్యడం అయింది, కేప్సికం కొయ్యడం అయింది. బీన్స్ ఏవీ?"

"అక్కడే ఉన్నాయి."

"ఎక్కడ?"

"బల్ల మీదే."

"బల్ల మీద లేవు."

"సరిగ్గా చూడండి."

"చూస్తూనే ఉన్నాను! కేరట్ ఉంది. కేప్సికం ఉంది. వెల్లుల్లి ఉంది. బీన్స్ లేవు. లేని బీన్స్ ఎక్కణ్ణించి తెమ్మంటావు, నా జేబులోంచా?"

"ఎడం చెయ్యి చాపండి."

"ఎందుకు?"

"చాపండి అంటున్నాను. ఇంకొంచెం. ఇంకొంచెం… ఆఁ. ఏం తగిలింది?"

"ఏదో గిన్నె."

"గిన్నె నిండా బీన్స్. పక్కనే ఉల్లికాడలు. మీరు కత్తి పట్టుకోకముందే పెట్టాను."

"ఇప్పుడు పెట్టావు."

"నేను పొయ్యి దగ్గర్నించి కదల్లేదు."

"కదిలావు! నేను వెల్లుల్లి ఒలుస్తుంటే మెల్లిగా జరిపావు. ఈ మధ్య నీకు ఇదే పని. సబ్బు దాస్తావు. దువ్వెన దాస్తావు. చెప్పుల్లో ఒకటి దాస్తావు!"

"ఒక్క చెప్పు దాచుకుని నేనేం చేసుకుంటానండీ? ఒంటికాలి మొగుణ్ణెవర్నయినా చూసుకుంటానా?"

"వెటకారమా?"

"కోపం. మూడు వారాలుగా దొంగన్నట్టు తిట్టించుకుంటే వెటకారం కాదు, కోపమొస్తుంది. నిన్న అన్నం తక్కువ పెట్టానని కంచం విసిరికొట్టబోయారు. గుర్తుందా?"

"తక్కువే పెట్టావు."

"నేనేం చేశాను అప్పుడు?"

"మళ్ళీ వడ్డించావు."

"మెతుకు కూడా వడ్డించలేదు. కంచాన్ని అటుది ఇటు తిప్పానంతే. మీరు తినని సగం మీ కుడిచేతి వైపు వచ్చింది. 'ఇది ముందే పెట్టి ఏడవొచ్చుగా' అన్నారు."

"నోర్ముయ్! పొయ్యి వెలిగించు. పెద్ద మంట. బాండీ పొగలు కక్కాలి."

"వెలిగించాను. రండి."

"జరుగు. ముక్కలన్నీ ఒక్కసారి గుమ్మరించకూడదు. సగం ముందు, సగం తర్వాత. గుమ్మరిస్తే నీళ్ళొదిలి ఉడికిపోతుంది, వేగదు. వింటున్నావా?"

"వింటున్నాను."

"చప్పుడు విన్నావా? అదీ చప్పుడంటే! ఇప్పుడు ఆగకుండా తిప్పాలి. స్టీరింగు పట్టిన చెయ్యి ఇది, దీనికి అలుపుండదు. నీకు నా మీద నమ్మకం లేదు గానీ నీ తమ్ముడికుంది. తెలుసా? బస్సులన్నీ చూసుకునే మేనేజరు, టై కట్టుకుని తిరిగే కుర్చీలో కూర్చునేవాడు, వాడే చెప్పాడు. 'బావా, నువ్వు కళ్ళు మూసుకుని తోలినా నా బస్సుకి గీత పడదు' అన్నాడు."

"వాడికి మీరంటే దేవుడి మీదున్నంత గురి."

"ఉండాలి మరి. నా బస్సులో క్లీనరుగా ఎక్కినవాడు. గేరు మార్చడం రాక ఏడిస్తే, నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత పని చేసి నేర్పాను."

"మాడు వాసనొస్తోంది."

"పక్కింటివాళ్ళది."

"మన బాండీలోదే."

"మన బాండీ నా కళ్ళ ముందుంది! ముక్కలు నిగనిగలాడుతున్నాయి. ఒక్కటి మాడితే నా పేరు మార్చుకుంటాను."

"మీరు తిప్పుతున్న పక్క మాడలేదు."

"బాండీకి పక్కలేంటే?"

"గరిటె ఇలా ఇవ్వండి. ఇవ్వండీ! నేనేం కలపట్లేదు, ఏం వెయ్యట్లేదు. పిడి పట్టుకుని బాండీ తిప్పుతున్నాను. ఇప్పుడు చూడండి."

"ఇదేంటి… ఇదెక్కడిది? ఈ బొగ్గంతా ఎక్కణ్ణించొచ్చింది?"

"చూశావా?"

"ఏంటీ? 'చూశావా'నా? మొగుణ్ణి నువ్వనే దాకా వచ్చిందా?"

"నోరు జారింది. మంట తగ్గించనా?"

"ఆపెయ్! తగలబడనీ! ఈ బాండీ మంచిది కాదు. పొయ్యి ఒక పక్కకి వంగింది. ఎన్నాళ్ళనించో చెప్తున్నాను, పొయ్యి మార్చాలని."

"ఎప్పుడూ చెప్పలేదు. ఇదే పొయ్యి మీద ఇదే బాండీలో ఇన్నేళ్ళూ చేశారు. ఒక్క ముక్క మాడ్చలేదు. వీధిలో వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పోనీ గడ్డం సంగతి చెప్పండి. గడ్డం కూడా పొయ్యే గీసిందా?"

"గడ్డానికేమైంది?"

"ఎడం చెంప ముట్టుకోండి."

"గరుగ్గా ఉంది."

"నాలుగు రోజుల గడ్డం. కుడి చెంప అద్దంలా ఉంది. అలాగే బజారుకి వెళ్ళొచ్చారు. ఎవరూ నవ్వలేదా?"

"మరిచిపోయానులే! సగంలో ఎవరో పిలిచి ఉంటారు."

"ఎవరు పిలిచారు?"

"నన్ను కోర్టులో నిలబెట్టావా?"

"మొన్న బస్సు కడిగించుకొస్తానని తీసుకెళ్ళారు. ఎడం వైపు అద్దం పగలగొట్టుకుని వచ్చారు. అప్పుడెవరు పిలిచారు?"

"అది లారీవాడు."

"నిజం చెప్పండి."

"లారీవాడు రాసుకుంటూ పోయాడు."

"నా మొహం చూసి చెప్పండి. నేనేం మేనేజర్ని కాను, జీతం కొయ్యను. పెళ్ళాన్ని. లారీవాడేనా?"

"…గేటు స్తంభం. చాలా? గేటు స్తంభం తగిలింది! నీ కడుపు చల్లబడిందా?"

"స్కూలు గేటా?"

"ఆ గేటే. అక్కడ స్తంభం… అక్కడ లేదు. ఉంది, కానీ నేను తిప్పినప్పుడు అక్కడ లేదు."

"మా తమ్ముడికి ఏం చెప్పారు?"

"లారీ అని చెప్పాను. నమ్మాడు. వాడంత వెర్రిబాగులవాడు ఇంకోడు లేడు, నేను చంద్రుడు చతురస్రంగా ఉన్నాడన్నా 'అవును బావా' అంటాడు. కొత్త అద్దం బిగించుకో బావా, అన్నాడు. భుజం తట్టాడు కూడా. అందుకే వాడు మేనేజరు, వాడి బుర్రలో ఉన్నది…"

"చాలు. వాణ్ణేం అనకండి."

"అంటాను! నా ఇంట్లో, నా వంటింట్లో, నా నోటితో అంటాను. ఆ డాక్టరు చీటీ కూడా చదవకుండా తీసుకున్నాడు. సందు చివర క్లినిక్‌లో జ్వరం తగ్గిందని చెప్తే, డ్యూటీ ఎక్కొచ్చని రాసిచ్చిన చీటీ."

"పడిపోయారని డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్తే రాసిస్తాడా?"

"దేవుడా."

"ఎందుకు దేవుడా? ఏం కొంప మునిగిందని? ఓ స్తంభం, ఓ అద్దం, కాస్త మాడిన బీఫ్!"

"మీకు ఎడం పక్క లేదండీ."

"ఏంటి?"

"మీరు పడిపోయిన రోజునించి మీకు ఎడం పక్క లేదు. చెయ్యి ఉంది, కాలు ఉంది. అటు వైపున్న లోకం మాత్రం లేదు. నేనటు నిలబడితే నేను లేను. అందుకే మూడు వారాలుగా మీ కుడి పక్కనే తిరుగుతున్నాను. ఇది కళ్ళు తిరగడం కాదు, తలలో ఏదో అయింది. ఆసుపత్రికి పదండి, మీ కాళ్ళు పట్టుకుంటాను, పదండి అని ఎన్నిసార్లన్నాను?"

"వెళ్తే ఏమంటారో నీకు తెలీదా? లైసెన్సు లాక్కుంటారు. బస్సు దిగిపోతే నేనెవర్ని? చెప్పు. పొద్దున్నే ఎక్కడికెళ్ళను? నీ కొంగు పట్టుకుని కూరగాయల సంచీ మొయ్యనా?"

"మొయ్యండి! సంచీ మోస్తే ఎవరూ చచ్చిపోరు."

"బస్సు నడిపితే చచ్చిపోతారా? ఇన్నేళ్ళలో ఒక్క పిల్లాడికి మోకాలు గీసుకుందా? అడుగు, వీధి వీధినా అడుగు!"

"పిల్లలెక్కే తలుపు ఏ పక్కనుంది?"

"ఏ బస్సుకైనా…"

"ఏ బస్సూ వద్దు. మీ బస్సుకి. తలుపు ఏ పక్క?"

"నీకు తెలీదా?"

"తెలుసు. మీ నోటితో వినాలి. బీన్స్ కనపడలేదు. సగం బాండీ కనపడలేదు. గేటు స్తంభం కనపడలేదు. అది సిమెంటు స్తంభం, మీకంటే ఎత్తు. ఒకటో తరగతి పిల్ల మీ నడుం దాకా కూడా రాదు. చెప్పండి. తలుపు ఏ పక్క?"

"ఎడం పక్క! ఎడం పక్కే! విన్నావా? ఎడం పక్క!"

"విన్నాను."

"జాగ్రత్తగా ఉంటాను. తల తిప్పి చూస్తాను. రెండుసార్లు చూస్తాను."

"అటో పక్క ఉందని గుర్తుంటే కదా తల తిప్పడానికి?"

"నీకెందుకు? అసలు నీకెందుకు? నన్ను ఎక్కించాల్సింది నీ తమ్ముడు. దించాల్సిందీ వాడే. మధ్యలో నువ్వెవరు?"

"వాడికి చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అన్నీ. సబ్బు, చెప్పు, కంచం, అన్నీ."

"నా వెనకాల?"

"మీ వెనకాలే. సిగ్గుపడట్లేదు."

"ఏమన్నాడు?"

"నమ్మలేదు. బావ మీద చాడీలు చెప్పకక్కా, అన్నాడు. నీకు మతి పోయిందా, అన్నాడు. ఏడ్చాను. అయినా నమ్మలేదు. నా కళ్ళతో చూస్తే తప్ప నమ్మనన్నాడు."

"అదీ! అదీ మగాడి మాట! వెర్రివాడన్నానా? వెనక్కి తీసుకుంటున్నాను. నాకు వాడొక్కడే ఉన్నాడు. నువ్వు పరాయిదానివి, వాడు నా మనిషి. పిలు వాణ్ణి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వచ్చి ఈ వంటింట్లో కూర్చోమను. ఈ మాడిన బాండీ చూడమను. నా మొహమ్మీద 'బావా, నువ్వు రేపు బస్సెక్కొద్దు' అనమను. వాడంటే దిగిపోతాను. నోరెత్తకుండా దిగిపోతాను. అనడు! చచ్చినా అనడు. పిలు!"

"…"

"ఏం, నోరు పడిపోయిందా? పిలవ్వేం?"

"రేపు బస్సెక్కొద్దు బావా."

"…ఎవరది? ఒరేయ్, నువ్వా? ఎక్కడ… ఎప్పుడొచ్చావురా?"

"నువ్వు బీఫ్ కోస్తున్నప్పుడే బావా. అప్పట్నించీ నీ ఎడం పక్కన, ఈ కుర్చీలోనే కూర్చునున్నాను."