వైద్యం అయిపోయాక వచ్చిన ఫోను

"తాతయ్యా, ఆప్‌కా ఇలాజ్ తో ఖతమ్ హో గయా నా? ఆ డైట్ దీదీ ఇంకా ఎందుకు ఫోన్ చేస్తుంది?"

వైద్యం అయిపోయినా ఎందుకు చేస్తుందంటే... కూర్చో అమ్మడూ, చెప్తాను. కుర్చీ ఇటుపక్కకి లాక్కో, ఆ చెవి సరిగ్గా వినపడదు. నువ్వప్పుడు పుణే హాస్టల్లో ఉన్నావు, నీకు సగమే తెలుసు.

మీ అమ్మమ్మ పోయాక నేను పొయ్యి వెలిగించింది టీకే. అన్నేళ్లు హాస్పిటల్ ల్యాబ్‌లో ఊళ్లోవాళ్ల రక్తమంతా పరీక్ష చేసేను కదా, నా ఒంటి సంగతి నాకు పట్టలేదు. పొద్దున్న టీ, రస్కు. రాత్రీ అదే. మీ అమ్మ పై ఫ్లోర్ నించి డబ్బా పంపేది, పాపం, సగం అలాగే తిరిగెళ్లేది. ఓ ఆదివారం చర్చి మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. షుగరు ఓ రోజు కొండెక్కడం, ఓ రోజు అడుక్కి దిగిపోవడం. అప్పుడు మీ అమ్మ కరోల్ బాగ్‌లో డైట్ క్లినిక్‌కి తీసుకెళ్లింది. కరోల్ బాగ్ అంటే గుర్తొచ్చింది, పెళ్లైన కొత్తలో మీ అమ్మమ్మకి స్వెట్టరు కొన్నది అక్కడే. ఎర్రది... కాదు కాదు, మెరూన్. సరే, అదలా ఉంచు.

క్లినిక్‌లో ఈ కవిత. హర్యానా పిల్ల, నవ్వుతూనే గట్టిగా చెప్తుంది. వారం వారం రమ్మనేది, ఏం తిన్నానో అడిగేది, ఇది మార్చండి, అది తగ్గించండి అనేది. నెలలు పట్టింది గానీ ఒంట్లోకి బలం వచ్చింది. ఒకరోజు రిపోర్టులు చూసి, "అంకుల్, ఇక మీరు రానక్కర్లేదు" అంది. సంతోషపడాలి కదమ్మా. నాకు గుండె జారింది. రేపట్నించి అడిగేవాళ్లెవరా అని. అది కనిపెట్టినట్టుంది, నెలకోసారి నేనే ఫోన్ చేస్తాను, ఊరికే పలకరింపుకి అంది.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత క్రిస్మస్ వచ్చింది. విశాఖలో మీ నాన్నమ్మకి బాగోలేదని మీ వాళ్లంతా వెళ్లేరు. నేనే వెళ్లమన్నాను. అమ్మమ్మ లేని మొదటి పండగ అది. పొగమంచు, చలి. రజాయి కప్పుకుని పడుకున్నాను, మళ్లీ టీ, రస్కు. అప్పుడు మోగింది ఫోను. ఎలా ఉన్నారంటే "ఠీక్ హై బేటా, అంతా బావుంది" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, అలాగని కేకలూ వెయ్యలేదు. "ఆంటీ పండక్కి ఏం వండేవారు అంకుల్?" అంది.

చెప్పేను. గోంగూర రొయ్యలు అని. మా నర్సాపురంలో గోంగూర కొనడమేంటి, దొడ్లోంచి కోసుకోడమే, మీ అమ్మమ్మ ఇక్కడ బాల్కనీలో బకెట్లో పెంచేది... అలా చెప్తానే ఉన్నాను, వింటానే ఉంది. చివరికి, "ఎలా చెయ్యాలో నాకు చెప్పండి, రాసుకుంటాను" అంది.

నాకు తెలిస్తే కదా! ఇన్నేళ్లు తినడమే గానీ, గోంగూర ముందు వేస్తారో రొయ్యలు ముందు వేస్తారో ఎప్పుడు చూసేను? కనుక్కుని చెప్తానన్నాను. నర్సాపురంలో మీ చిన్నమ్మమ్మ రత్నానికి చేసేను ఫోను. అది పడీ పడీ నవ్వింది. నవ్వి, తర్వాత ఏడ్చింది. అక్క ఎలా చేసేదో మొత్తం చెప్పింది.

మొదటిసారి మాడ్చేను. వాసనకి ఎదురు ఫ్లాట్ శర్మాజీ తలుపు కొట్టేడు. మర్నాడు మళ్లీ వండేను. ఆ రుచి రాలేదు, అబద్ధమెందుకు. కానీ దగ్గరికొచ్చింది. వేడన్నంలో కలుపుకుని, మారు వడ్డించుకుని తిన్నాను. ఫోటో తీసి కవితకి పంపేను. ఏం రాసిందో తెలుసా? "బహుత్ బఢియా అంకుల్, నూనె కొంచెం తగ్గించండి" అని. ఒక్కణ్ణే కూర్చుని ఎంత నవ్వేనో. అమ్మమ్మ పోయాక ఈ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే.

అప్పట్నించి వండుకుంటున్నాను. ఆదివారం చర్చి వాళ్లు ఎవరో ఒకరు భోజనానికొస్తారు. శర్మాజీకి రొయ్యలు పనికిరావు, పప్పు పంపుతాను. కవిత ఇప్పుడు రెండు మూడు నెలలకోసారే ఫోన్ చేస్తుంది. అది చాలమ్మా. చెయ్యి పట్టుకుని నడిపించక్కర్లేదు, వెనక ఎవరో ఉన్నారని తెలిస్తే చాలు.

రేపు నువ్వు ఉద్యోగమని ఏ ఊరెళ్లినా, అన్నం తిన్నావా అని అడిగే మనిషిని దేవుడు నీకెప్పుడూ ఉంచాలి, బంగారం. నువ్వూ ఎవరో ఒకర్ని అడుగుతుండు... అదేంటి, ఇంకా ఏం తినలేదా? లే, లే, ముందు వంటింట్లోకి పద...