వెనకాల స్పీకర్లు

హలో… ఆ, యశ్వంత్, నేనేరా, నితీష్‌ని. … నితీష్‌నిరా! ఏడేండ్లు మణికొండల ముగ్గురం ఒక్క ఫ్లాట్ల ఉన్నం, పేరు రెండుసార్లు చెప్పాల్నా? … ఓ, కొత్త ఫోనా. నంబర్లన్ని పోయినయా. … సరే తీ, ఇప్పుడన్న సేవ్ చేస్కో.

ఏందిరా గంత మెల్లగ మాట్లాడుతున్నవ్? … బాల్కనీల ఉన్నవా. ఏం చేస్తున్నవ్? … ఏం లేదా. నాకు గూడ ఏం లేదు. ఆదివారం గద.

ఒక్క ముచ్చట అడుగుదామని చేసిన. హోం థియేటర్ కొందామనుకుంటున్న. నీకైతే ఎరుక ఉంటది గద… అరె, పాతది అడుగుతలేనురా! నీ పెండ్లయినంక నువ్వు తీస్కపోయినవ్, తప్పేముంది. నేనే గద ప్యాక్ చేసి ఆటోల పెట్టిచ్చిన.

… ఇల్లా? మారిన గదరా. రెండు నెలలైంది. … చెప్పిన. మన పాత గ్రూపుల వీడియో పెట్టిన, పాలు పొంగిచ్చింది. నువ్వు బొటనవేలు గూడ కొట్టినవ్. … ఆ, అదే. ఒక చేత్తోని వీడియో తీస్కుంట ఇంకో చేత్తోని మూత తీసిన, పాలన్ని స్టవ్ మీద పడ్డయ్. మంచిదేనట, అట్ల పొంగాల్నట.

… మణికొండనే. సింగిల్ బెడ్‌రూం. సురేంద్ర గాడు గూడ పెండ్లి చేస్కొని పోయినంక గంత ఇల్లు నేనేం చేస్కోను? నీ రూం తలుపు నెల రోజులు తియ్యనే లేదు.

సరే విను. హాలు పది అడుగులకు పదకొండు. కొలిచిన. టేపు ఈ కొస పట్టుకుంటే ఆ కొస ఊడొస్తుండె, ఆఖరికి బియ్యం డబ్బా కింద పెట్టి కొలిచిన. … నవ్వకు. రెండు చూసి పెట్టిన. ఒకటి సౌండ్‌బార్, వూఫర్ విడిగ వస్తది. ఇంకోటి ఐదు స్పీకర్లు, ఒక వూఫర్. ధరల పెద్ద ఫరక్ లేదు.

… బార్ చాలంటవా. … ఆ… ఆ… నిజమే, సోఫా గోడకే ఆని ఉంది. వెనకాల స్పీకర్లకు జాగ లేదు. … సోఫా ముంగటికి జరిపితే? … టీవీ మీద పడ్డట్టయితదా. … పక్క గోడలకు కొట్టాల్నా. చెవి కంటె జర మీదికి. ఆగు, రాస్కుంటున్న.

వూఫర్ దడదడతోనే పరేషాన్. కింద శారదమ్మగారని ఉంటరు, కుర్చీ జరిపినా పైకి చూస్తరట. … రబ్బరు పరుపు ముక్క వెయ్యాల్నా, సరే. వెయ్యకున్నా మంచిదే తీ. తిట్టనీకన్న ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడ్తరు.

… ఏమన్నవ్? … "ఒక్కనికి ఐదు స్పీకర్లెందుకురా" అన్నవా. … … లేదు లేదు, నువ్వు తప్పేమనలే. ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటరు గద, గంతే.

చెప్త విను. నవ్వొద్దు మరి. … వారంల మూడు రోజులు ఇంటికాడి నుంచే పని. మీటింగులల్ల మాట్లాడుత, ల్యాప్‌టాప్ మూస్త, ఇగ ఆ రోజుకు నా మాటలు అయిపోయినయ్. టీవీ పెడితే చప్పుడంత ముంగటికెళ్లే వస్తది. వెనకాల ఏం ఉండది. మనింట్ల వెనకాల ఎప్పుడు ఏదో ఒకటి ఉంటుండె గదరా… పెండ్లికి ముంగట నువ్వు సుష్మతోని ఫోన్ల గుసగుసలాడుడు, సురేంద్ర గాడు గిన్నెలు పడేసుడు.

మొన్న కొండాపూర్‌ల షాపుకు పోయిన. సోఫాల కూసోపెట్టి వినిపిచ్చిన్రు. ఏదో సినిమా, వాన సీను. వానలకెళ్లి నా వెనకాల ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. నేను తిరిగి చూసిన. … ఒట్టురా. తిరిగి చూసిన. షాపాయన నవ్విండు. నాకు ఏడుపొచ్చినట్టయింది. మళ్లొస్తనని చెప్పి బయటికొచ్చిన.

… లేదురా, ఏం కాలే. ఫికర్ చెయ్యకు. బాగనే ఉన్న.

గుర్తుందా మన రూలు? వండినోడు సోఫాల నడుమ కూసోవాలె. సౌండు ఆడనే సరిగ్గ కుదురుతదని నువ్వే పెట్టినవ్. … రోజు నేనే వండుతుంటి, రోజు నేనే నడుమ. మీరిద్దరు చెరో దిక్కు కూసొని గొణుగుతుంటిరి.

… అదే. బార్‌తోని ఆ ముచ్చట రాదు.

ఒక పని చెయ్యి. వైర్లు గుంజుడు నీకు బాగొచ్చు గద. వచ్చే ఆదివారం జర రారాదు. మటన్ వండుత. సుష్మను గూడ తోల్కరా. … పనుందా. ఆ పై ఆదివారం? … సరే. చూసి చెప్పు. తొందరేం లేదు.

ఆగు. … బాల్కనీ తలుపు తీసిన్రా ఎవరన్న? … ఎవరది? … ఇప్పుడు నవ్విండు గద. సురేంద్ర గాడు. … వాని నవ్వు నాకు తెల్వదారా?

… … టీవీనా.

… ఆ. టీవీనే అయ్యుంటది. … ఆ గంట చప్పుడు గూడ టీవీలదే. … ఏదో పూజ సీను. ఆ.

… మస్తుందిరా సౌండు. పిల్లలు ఉరుకుతున్నది, ఎవరో ప్లేట్లు పేరుస్తున్నది… పంతులు మంత్రం గూడ అచ్చం పక్కన కూసొని చదివినట్టే ఉంది. … ఏ మోడల్ అది? … చూసి చెప్తవా. పో, చూడు. నేను లైన్ల ఉంట.

… … యశ్వంత్? … ఫోన్ ఆడనే పెట్టి పోయినవా?

… … …

హలో… ఆ, లేదమ్మా, కట్ కాలే. లైన్ల ఉన్న. … నితీష్ అమ్మా నా పేరు. యశ్వంత్ దోస్తుని. మీరు? … సుష్మ వాళ్లమ్మగారా! కమలమ్మగారు గద, పెండ్లిల చూసిన మిమ్మల్ని. నమస్కారమమ్మా. … గుర్తులేదా. అంతమందిల ఎట్లుంటదమ్మా, ఏం కాదు. ప్రొద్దుటూరు నుంచి ఎప్పుడొచ్చిన్రు?

… గృహప్రవేశానికా. … … బాచుపల్లిల. సొంత ఫ్లాటు. … మంచిదమ్మా. చాల మంచిది. … తెల్సమ్మా, నాకు తెల్వకుంటెట్ల.

… మళ్ల పోయి పీటల మీద కూసున్నడా. … వద్దమ్మా, పిలవొద్దు! వ్రతం నడుమ లేపుతరా ఎవరన్న. … ఆ, సురేంద్ర గూడ వచ్చిండు గద, భార్యతోని. … ముగ్గురం ఒక్క ఇంట్లనే ఉంటిమి. … అవునమ్మా, ఆ వంటాయన్ని నేనే. మీకెట్ల తెల్సు? … యశ్వంత్ చెప్పిండా. నా చేతి పప్పు గురించా! … మీ పప్పుకు వంక పెట్టి మరీ చెప్పిండా. … అట్లనే అంటడమ్మా వాడు, పట్టిచ్చుకోకున్రి.

… సుష్మ కార్డు గ్రూపుల పెట్టిందా. … ఓ, దోస్తులది, వాళ్ల భార్యలది గ్రూపా. … లేనమ్మా నేను అండ్ల. నాకింక పెండ్లి కాలే.

… అయ్యో, లేదమ్మా! అట్లెందుకనుకుంటున్నరు? పిలిచిండు. పిలవకేం! నాకు ఫోన్ చేసి మరీ పిలిచిండు. ఒకసారి గాదు, రెండుసార్లు. నాకే కుదర్లే. … ఆఫీసు పనమ్మా. … ఆదివారం గూడ ఉంటది, మా పని గట్లనే. … వాణ్ణేమనకున్రి. వాడు అసొంటోడు కాదు.

… ఇప్పుడా? ఇప్పుడెట్లొస్తనమ్మా. … పులిహోర, ఓళిగలు… నోరూరుతున్నది, కని కుదరది. నేనొస్తే వాడు మళ్ల… ఏం లేదమ్మా. పనుంది.

… తిన్న. … పొద్దుగాలనే తిన్ననమ్మా. … నిజంగనే.

సరే, పోండ్రి మీరు, హారతికి పిలుస్తున్నట్టున్నరు. … కట్ చేసుడు తెల్వదా? కొత్త ఫోన్ గద. అయితే ఆడనే పెట్టి పోండ్రి. నేను కట్ చేస్త. … ఆ, చేస్తనమ్మా.

… …

… … …

యశ్వంత్… నిన్నేమననురా. జర సేపు విననీ.