చేపలకు ఏ లోటూ లేదు

ఏమిట్రా వలీ, ఇవేం చేపల్రా? ఒక్కటైనా పోదేం?

అలా చూడకు. నాకేం మతి పోలేదు. చెప్పులు అక్కడ వదిలేసి లోపలికి రా. బ్రాడీపేటలో నీ కొట్టు మూయించి మరీ నల్లపాడు దాకా పిలిచింది ఇందుకే. ఈ అక్వేరియం నువ్వు పెట్టిందే కదా, నువ్వే చూసి చెప్పు. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప. దేనికైనా రెక్క ముడుచుకుందా? పొలుసు రేగిందా? ఒక్కటైనా మూలకు నక్కి కూర్చుందా? అద్దం దగ్గరికి వెళ్తే చాలు, మేత తెచ్చాననుకుని నోళ్లు తెరుచుకుని ఎగబడుతున్నాయి.

మా సుధ ఆసుపత్రిలో ఉందని విన్నావుగా? డెంగీ. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారు, మళ్లీ పడిపోతున్నాయి. నిన్న చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. పదో తరగతి పిల్లరా! మొన్నటిదాకా ఫ్యాను కింద నేను కూర్చోవాలంటే నేను కూర్చోవాలని నాతో తగువులాడిన పిల్ల, ఇప్పుడు గ్లాసు ఎత్తి నీళ్లు తాగలేకపోతోంది. ఇన్నాళ్లూ మంచం దగ్గరే నిలబడి మాట్లాడిన డాక్టరు గారు ఇవాళ నన్ను వరండాలోకి పిలిచి మాట్లాడారు. వరండాలోకి ఎందుకు పిలుస్తారో నీకు వేరే చెప్పాలా?

మీ కనకం మేడం అక్కణ్ణుంచి కదలడం లేదు. గంటకోసారి ఫోను చేస్తోంది. "ఏమండీ, ఏదైనా పోయిందా?" అంటుంది. మొదటిసారి ఇంట్లో దొంగలు పడ్డారేమోనని హడలిపోయాను. అది కాదట. చేప. చేప ఏదైనా పోయిందా అని.

నీకు తెలియంది కాదు. ఇల్లు కట్టినప్పుడు వాస్తు చూసినాయన చెప్పి పోయాడు, ఇంటి మీదికి వచ్చే గండాన్ని చేప తన మీద వేసుకుంటుందనీ, ముఖ్యంగా నల్లదనీ. అది పోయిందంటే ఇంట్లో మనిషి బతికినట్టేనట. నేను నవ్వాను. నిరుడు మిరపకాయల బస్తాల లారీ నా స్కూటర్‌ని రాసుకుంటూ పోతే మోచెయ్యి గీరుకుని బయటపడ్డానా, ఇంటికొచ్చేసరికి ఒక చేప తేలి ఉంది. కనకం ఏడుస్తూ దానికి దణ్ణం పెట్టింది. "పిచ్చిదానా, శుక్రవారం కదా అని అక్వేరియం మొత్తం సబ్బు పెట్టి తోమావు, అందుకు పోయింది అది" అన్నాను. క్లాసులో పిల్లలకి కూడా చెప్పి నవ్వించాను. నువ్వూ నా క్లాసులో కూర్చున్నవాడివేగా? చేప గుండెకి రెండే గదులని బోర్డు మీద రంగు సుద్దముక్కతో బొమ్మ వేసింది ఎవరు? నేనే. ఆ నేనే ఇప్పుడు, లేచిన దగ్గర్నుంచి ఈ అద్దానికి మొహం ఆనించి, పోవే, ఒక్కటి పోవే అంటున్నాను.

పోవు. పోయేలా పెంచితే కదా!

అప్పట్నుంచి కనకాన్ని చెయ్యి పెట్టనివ్వలేదు. స్పాంజి కూడా అక్వేరియంలోంచి తీసిన నీళ్లలోనే పిండేవాణ్ణి, కుళాయి కింద పెడితే మేలు చేసే బాక్టీరియా చస్తుందని. నీళ్లన్నీ ఒకేసారి మార్చకూడదు, చిటికెడు మేతకి మించకూడదు, అద్దం మీద కొట్టకూడదు. బెదిరితే వాటి ఒంట్లో సత్తువ పోతుందని టీవీ కూడా పక్క గదిలోకి మార్చాను. సుధ స్నేహితురాలెవరో వచ్చి అద్దం మీద టకటకా కొడితే కసురుకున్నాను. "మా నాన్నకి నాకంటే మిరియమే ఎక్కువే" అంది సుధ దాంతో. మిరియం అంటే ఈ నల్లది. సుధే పెట్టింది ఆ పేరు.

ఇవాళ పొద్దున గాలి పంపు ఆపేశాను. అవును, స్విచ్చి నేనే నొక్కాను. కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి ఒక్కొక్కటే పైకొచ్చి గాలి కోసం నోళ్లు కొట్టుకోవడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే కనకం ఫోను. విషయం చెప్పాను. "అయ్యో, వద్దు! మనం చంపితే ఆ పాపం కూడా పిల్ల మీదే పడుతుంది, దానంతటది పోవాలి" అని కేకలేసింది. వెంటనే మళ్లీ వేశాను స్విచ్చి. జాలితో కాదురా. ఆవిడ మాట నిజమేమోనన్న భయంతో. ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నవాణ్ణి!

సరే, నిన్ను పిలిచిన సంగతి చెప్తాను. మిరియాన్ని నువ్వు తీసుకుపో. నీ కొట్లో పెద్ద తొట్టెలో వేసుకో, బాగా చూసుకో, ఎవరికీ అమ్మకు. నేను కనకానికి అది పోయిందని చెప్పేస్తాను. ఆవిడ తిండి తిని ఎన్నాళ్లైందో! ఆ ఒక్క మాట వింటే ఒక ముద్ద మింగుతుంది, ఒక గంట కునుకు తీస్తుంది. పిల్లకి ధైర్యం చెప్పే మనిషి పడిపోతే ఎలా? ఇది అబద్ధమేనంటావా? మందనుకో.

ఇదుగో వల. అక్వేరియంలో నీళ్లే కవర్లోకి తీసుకో. మెల్లగా, తరమకు... ఆ. వచ్చింది. మూతి కట్టెయ్.

ఎక్కడికి? తగ్గిన నీళ్లు నింపడానికా? పెరట్లోకి వెళ్లకు. డ్రమ్ము లేదు అక్కడ. ఉంది, బోర్లించాను. ఎందుకంటావేం? ఊరికే.

ఊరికే కాదు. కూర్చో. చెప్తాను.

మా బోరు నీళ్లు ఉప్పన. కుళాయి నీళ్లలో క్లోరిన్. ఆ ఘాటు పోవాలంటే నీళ్లు పట్టి మూత లేకుండా రెండు రోజులు ఉంచాలని నువ్వే చెప్పావు. మంచి మాటే చెప్పావు, నీ మీద నాకేం లేదు. రెండు రోజులన్నావు నువ్వు. పరీక్షల పేపర్లు దిద్దుతూ నేను వారం వదిలేశాను. చూస్తే డ్రమ్ము నిండా పురుగులు, తలకిందులుగా వేలాడుతూ, గిలగిల్లాడుతూ. దోమ పిల్లలు. ఏ దోమవో నాకు తెలియదా? శుభ్రమైన నీళ్లలో గుడ్లు పెట్టేది ఏదో, పగలు కుట్టేది ఏదో ఏటా ముఖ్యమైన ప్రశ్న అని గీత గీయించేవాణ్ణి.

పారబొయ్యలేదురా. టీ వడగట్టుతో దేవి చేపలకి వేశాను. బతికున్న మేత తింటే ఎంత హుషారో! మిరియం నల్లరాయిలా నిగనిగలాడింది. సుధని పిలిచి చూపించాను కూడా. అది చప్పట్లు కొట్టింది. అప్పట్నుంచి ఆ డ్రమ్ముని అలాగే ఉంచాను. రోజూ దేవుకోవచ్చని. దేవగా మిగిలినవి ఏమవుతాయి? రెక్కలొచ్చి ఎగరవూ?

చేర్చిన రోజు డాక్టరు గారు అడిగారు, "త్యాగరాజు గారూ, ఇంట్లో ఎక్కడైనా నీళ్లు నిలవ ఉంటున్నాయా?" అని. నేను నోరు తెరిచేలోపే కనకం అందుకుంది. "మా ఆయన జువాలజీ లెక్చరరండీ, మా ఇంట్లో దోమా!" అంది. ఎంత గొప్పగా అందిరా! నేను నేల చూపులు చూస్తూ ఊరుకున్నాను. ఇంటికొచ్చి డ్రమ్ము బోర్లించి, ఆ నేల మీద బ్లీచింగ్ చల్లాను.

ఫోను. ఆవిడే. ఉండు, నువ్వు వెళ్లకు.

హలో, కనకం... ఎలా ఉంది సుధ?... ఊఁ. చేప సంగతి తర్వాత. ముందు నా మాట విను. నీళ్ల గురించి డాక్టరు గారు అడిగితే లేవన్నావు చూడు. ఉన్నాయి. పెరట్లో, నా చేపల డ్రమ్ములో. దోమలు అందులోవే. నేను చూశాను, చూసి ఉంచాను... కనకం? వింటున్నావా?

ఏమందా? వెనకాల ఎవరిదో మంచం లాగుతున్న చప్పుడు. తర్వాత, "అదంతా నాకు వద్దండీ. ఇంతకీ ఏదైనా పోయిందా లేదా, అది చెప్పండి" అంది.

ఇంకా లైన్లోనే ఉంది.