చాప మీద అక్కాచెల్లెండ్లు

ఎముకల ఆసుపత్రి వరండా. తాలీంలో పిల్లలకు జూడో నేర్పే మొగులయ్య, కుడిచేతిని మెడకు వేలాడదీసుకున్న అతని చిన్నకూతురు అఖిల.

“పెద్ద డాక్టర్ అడిగితే తాలీం మెట్ల మీద జారిపడ్డ అని చెప్పు. గంతే.”

“జారలే బాపు. అక్క నా చెయ్యి పట్టి మోచెయ్యి ఎనకకు వంచింది.”

“ప్రాక్టీసుల అయితయ్ బిడ్డా గిసొంటియి.”

“గిసొంటియా? నిన్న చిన్న డాక్టర్ ఏమన్నడు? కీలు తప్పితే ఎక్కిచ్చిన, లోపలి లిగమెంటు మొత్తం తెగిందన్నడు. మణికట్టు కాడి కండరం తాడు దీసి ఆడ కుట్టాలె అన్నడు.”

“వాళ్లకు ఎప్పుడూ ఆపరేషనే. పురానాపూల్ పహిల్వాన్ కాడికి పోదాం. తైలం రాసి పట్టీ కడ్తడు.”

“తెగినదాన్ని తైలం అతికిస్తదా? నా చిటికెనవేలు గిల్లు. గిల్లు బాపు! ఏం తెలుస్తలే నాకు.”

“మెల్లగ, మెల్లగ. అందరు చూస్తున్రు.”

“చూడనీ. అక్క ఏది?”

“నందిని... సెలక్షన్‌కు పోయింది.”

“ఈయాల్నే?”

“మీ ఇద్దరిదీ ఒకటే బరువు. ఒక్కరినే తీస్కుంటరు. నువ్వెట్లా పోలేవ్ గద.”

“మొన్నటిదాంక నేనే పోతుంటి. ఎన్నడు దిగినా అక్కను నేనే పడేస్తుంటి.”

“నీకింకా వయసుంది. దానికి ఇదే ఆఖరి ఏడు. ఇది దాటితే జూనియర్ల తీస్కోరు. ఇప్పుడు నువ్వు లొల్లి చేస్తే దాన్ని గూడ ఆపుతరు.”

“నేను చాపను కొట్టిన బాపు. ఓడిపోయిన, వదులు అని. ఎడమచేత్తోని కొడ్తనే ఉన్న.”

“లేటుగ కొట్టినవ్.”

“లేటుగనా?”

“అక్కకు ఇనపడలే.”

“లేటుగ కొట్టిననా, ఇనపడలేదా? ఏదో ఒక్కటి చెప్పు.”

“అది కావాలని చేసిందా ఏంది? రాత్రి బువ్వ గూడ తినలే. ఏడుస్తనే ఉంది.”

“తెలుసు. నా కాళ్లు పట్టుకొని ఏడ్చింది. తప్పంత నాదే చెల్లె అన్నది. నీ పేరు ఎత్తనే లే.”

“నా పేరా? నా పేరెందుకు నడుమల?”

“దూరం జరుగుతున్నవేంది? కూసో.”

“పిలుస్తున్రేమో చూస్త...”

“ఎవరు పిలుస్తలేరు. నేను చాపను కొట్టంగనే అక్క పట్టు సడలిచ్చింది. ‘వదలకు, ఇంకింత వంచు’ అన్నది నీ గొంతే బాపు.”